గడియారం తడవొచ్చు, మరి పట్టీ?

స్మార్ట్‌వాచ్ పెట్టె మీద 50 మీటర్ల వరకు నీటిని తట్టుకుంటుందని రాసి ఉంటుంది. ఆ హామీ గడియారం లోపలి భాగాలకే గాని, స్టీలు పట్టీకి కాదు. ఆపిల్ సంస్థయితే తోలు పట్టీలతో పాటు తన స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలను కూడా తడవనీయొద్దనే చెబుతోంది!

స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పేమిటని మీరు అడగవచ్చు. అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనిపించనంత పల్చటి పొర కడుతుంది. గీత పడినా ఆ పొర మళ్లీ దానంతటదే ఏర్పడుతుంది. దానికి గిట్టనిది ఉప్పులోని క్లోరైడ్. విశాఖ సముద్రంలో మునిగినా, మే నెల ఎండలో బస్సు కోసం నిలబడి చెమటోడ్చినా పట్టీకి అందేది ఆ ఉప్పే. లింకుల సందుల్లో, పిన్నుల చుట్టూ తడి తొందరగా ఆరదు. అక్కడికి ఆక్సిజన్ సరిగా అందదు, పొర కట్టదు. పైకి తళతళలాడే పట్టీ లోలోపల తుప్పు పట్టేది అందుకే.

కొనేటప్పుడు 316ఎల్ రకమా అని అడగండి. అందులో 2 నుంచి 3 శాతం ఉండే మాలిబ్డినం ఉప్పును బాగా తట్టుకుంటుంది. టైటానియం ఇంకా మేలు, ధరే కాస్త ఎక్కువ. ఈతకు మాత్రం సిలికాన్ పట్టీయే వాడండి. స్టీలు పట్టీ తడిస్తే మంచినీళ్లతో కడిగి, సందులు పూర్తిగా ఆరాకే పెట్టుకోండి.