పొగాకు సీమలో బాస్కెట్‌బాల్

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యులు కూడిన చోట మురుగు కాలువలు, వీధిదీపములు, మంచినీటి కుళాయిలు, ఇంటిపన్ను వసూలు మొదలగు విషయములు చర్చకు వచ్చుట సహజము. నేడు మేము వానిని కొంతసేపు ప్రక్కనుంచి, ఒక ఆటను గురించి మాటలాడ నుద్దేశించినాము. ఆట పిల్లల వ్యవహారమనియు, పెద్దలు పట్టించుకొనదగినంత సంగతి కాదనియు కొందరు తలంపవచ్చును. కాని ఒక ప్రాంతపు ప్రజలు ఒక ఆటను తమ సొత్తుగా భావించినప్పుడు అది ఊళ్లను ఎట్లు కలుపునో, మనుష్యులను ఎట్లు విడదీయునో, ఏ మేళ్లకు ఏ కీడులకు త్రోవ తీయునో తెలిసికొనుట గ్రామపాలన వహించువారికి అవసరము. ఇందుకు చక్కని నిదర్శనము అమెరికా దేశమందలి ఉత్తర కరొలినా రాష్ట్రము.

ఆ రాష్ట్రము మనకు బొత్తిగా పరాయిది కాదు. ఒంగోలు, కందుకూరు, టంగుటూరు ప్రాంతములలో మన రైతులు పండించు వర్జీనియా రకపు పొగాకే అచటి రైతులకు చిరకాలము జీవనాధారమైనది. బ్యారన్లలో వేడి పెట్టి ఆకును బంగారు వన్నెకు తెచ్చు విద్య ఆ రాష్ట్రమందలి క్యాస్‌వెల్ జిల్లాలో 1839లో స్టీఫెన్ అను ఒక నల్లజాతి బానిస చేతిమీదుగా మొదలైనదని చెప్పుదురు. ఆకు కోత, కర్రలకు అల్లుట, బ్యారన్ కాల్చుట, వేలమునకు తరలించుట - ఈ కష్టమంతయు మన ప్రకాశము జిల్లా రైతునకు ఎంత తెలియునో ఆ రైతునకును అంత తెలియును. శీతకాలము వచ్చుసరికి ఆకు అమ్ముడై, చేతిలో నాలుగు డబ్బులు ఆడుచుండును; పొలమున పని తక్కువ. మనకు సంక్రాంతి నాళ్లలో ఎడ్ల బండలాగుడు పందెములు చూచుటకు ఊళ్లకు ఊళ్లు కదలునట్లే, అచటి జనము బాస్కెట్‌బాల్ చూచుటకు కదలుదురు. నవంబరులో మొదలైన ఆటలు ఏప్రిల్ మొదటి వారము వరకు సాగును.

ఆట పుట్టుక

బాస్కెట్‌బాల్ ఎవరో రాజులు, ధనవంతులు పోషించి పెంచిన ఆట కాదు. 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలయందు జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు దీనిని కల్పించెను. మంచు కురియు దినములలో విద్యార్థులకు గది లోపల ఆడదగిన ఆట కావలసివచ్చినది. ఆయన పండ్లబుట్టలు రెండు తెచ్చి, 10 అడుగుల ఎత్తున వసారా అంచునకు కొట్టించి, 13 నియమములు వ్రాసి గోడకు అంటించెను. ఒక్కొక్క పక్షమున 9 మంది ఆడిన ఆ మొదటి ఆటలో బుట్టలో పడిన బంతి ఒక్కటే!

మన గ్రామములలో సాయంకాలము వలకట్టి ఆడుచున్న వాలీబాల్ కూడ ఆ వై.ఎం.సి.ఏ. సంస్థకే చెందిన విలియం మోర్గాన్ 1895లో కల్పించినదే. 1920లో హెచ్.సి. బక్ అను నాతడు మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించెను. అచట తరిఫీదు పొందిన డ్రిల్లు మాస్టర్లే ఇట్టి ఆటలను మన పాఠశాలలకు తెచ్చిరి.

నాలుగు విద్యాలయములు

ఉత్తర కరొలినాలో ఈ ఆటకు నాలుగు విశ్వవిద్యాలయములు పట్టుగొమ్మలు. చాపెల్‌హిల్‌లోని రాష్ట్ర విశ్వవిద్యాలయము 1795లోనే విద్యార్థులను చేర్చుకొనినది. దానికి సుమారు 16 కిలోమీటర్ల దూరమున డర్హమ్ పట్టణములో డ్యూక్ విశ్వవిద్యాలయము కలదు. పొగాకు వ్యాపారమున కోట్లు గడించిన జేమ్స్ డ్యూక్ 1924లో ఇచ్చిన విరాళముతో అది వృద్ధి చెందినది. డర్హమ్‌కు 40 కిలోమీటర్ల దూరమున రాజధానియగు రాలీ నగరములో 1887లో వ్యవసాయ కళాశాలగా పుట్టిన రాష్ట్ర కళాశాల కలదు. నాలుగవదియగు వేక్ ఫారెస్ట్ కళాశాల రెనాల్డ్స్ వారి పొగాకు ధనము తోడుకాగా 1956లో విన్‌స్టన్‌సేలమ్‌కు తరలిపోయినది. ఆ బాటకు జనము పెట్టిన పేరు "పొగాకు దారి".

ఒక ఊరి మనిషికి ఈ నాలుగింటిలో ఒకటి పుట్టింటి వంటిది. ఆ విద్యాలయమున తాను చదువకపోయినను, తన బిడ్డలు చదువకపోయినను సరియే. ఒకే ఇంటిలో అన్న చాపెల్‌హిల్ పక్షమును, తమ్ముడు డ్యూక్ పక్షమును పట్టుటయు, ఆట ఉన్న దినమున భోజనపు బల్లవద్ద మాటలు కరవగుటయు కలదు. డ్యూక్ విద్యార్థులు చాపెల్‌హిల్‌తో ఆట చూచుటకై చలికాలములో వారాల తరబడి ఆటశాల ముందు గుడారములు వేసికొని కాపురముందురు. 1940లో తెరచిన ఆ ఆటశాలలో పట్టు జనము 9,314 మంది మాత్రమే. అందుచేత చోటు దొరకుట అంత దుర్లభము. మార్చి నెలలో ఈ ప్రాంతపు కళాశాలల పోటీ జరుగు దినమున ఉపాధ్యాయులే తరగతి గదిలోనికి టెలివిజను పెట్టెను తెచ్చి పిల్లలకు ఆట చూపించుట అచట వాడుకయైనది.

ఈ మోజు తనంత తాను పెరుగలేదు; దానికి పూనిక వహించినవారు కలరు. 1946లో రాలీ కళాశాల ఇండియానా రాష్ట్రమునుండి ఎవరెట్ కేస్ అను శిక్షకుని రప్పించెను. యుద్ధకాలమున ఇనుప దూలములతో అరకొరగా నిలిచిపోయిన రెనాల్డ్స్ ఆటశాలను పూర్తిచేయించి 1949లో తెరచిరి. ఆ సంవత్సరమునుండియే క్రిస్మస్ తరువాత మూడు దినములు ఎనిమిది జట్ల పోటీ జరుపసాగిరి. నాలుగు జట్లు ఆ రాష్ట్రమువి, నాలుగు బయటివి. సెలవు దినములు కనుక పల్లెలనుండి కుటుంబములు బండ్లు కట్టుకొని రాలీకి వచ్చెడివి. పండ్రెండు సంవత్సరములు జరిగిన ఆ పోటీలో ప్రతిసారియు గెలుపు ఆ రాష్ట్రపు జట్లదే.

1957 మార్చిలో దేశపు తుది పోటీలో చాపెల్‌హిల్ జట్టు, నైస్మిత్ స్వయముగా పనిచేసిన కాన్సస్ విశ్వవిద్యాలయపు జట్టును ఎదుర్కొనెను. మూడుసార్లు సమయము పొడిగింపగా చాపెల్‌హిల్ 54-53తో గెలిచినది. దూరమున జరిగిన ఆ ఆటను టెలివిజనుపై రాష్ట్రమంతటికి చూపిరి. ఆ రాత్రితో ఆట ఇంటింటి సంగతి యైనది.

మూసిన తలుపులు

ఇంతవరకు చెప్పినది వెలుగు. నీడను కూడ చెప్పకున్న మా ప్రసంగము అర్ధసత్యమగును.

ఆ కాలమున ఆ రాష్ట్రములో నల్లజాతివారికి వేరు బడి, వేరు బస్సు సీటు, వేరు ఆట. తెల్లవారి జట్టు, నల్లవారి జట్టు కలిసి ఆడుట నిషిద్ధము. డర్హమ్‌లోనే నల్లజాతివారి కళాశాల యొకటి కలదు. దాని శిక్షకుడు జాన్ మెక్లెండన్. ఆయన కాన్సస్‌లో ఆటను కల్పించిన నైస్మిత్ వద్దనే శిష్యరికము చేసినవాడు. ఐనను నల్లవాడగుటచే ఆ విశ్వవిద్యాలయపు జట్టులో ఆడుటకు ఆయనకు వీలు కలుగలేదు. 1944 మార్చి 12, ఆదివారము ఉదయమున పట్టణమంతయు చర్చిలలో ఉండగా, డ్యూక్ వైద్య విద్యార్థుల జట్టు చుట్టుదారిని ఆ కళాశాలకు వచ్చెను. తలుపులు మూసి గడియ వేసిరి. ప్రేక్షకులు లేరు. నల్లజాతి విద్యార్థులు 88-44తో గెలిచిరి. అంతటితో ఆగక, ఇరుపక్షములవారు కలిసిపోయి, జట్లను మరల పంచుకొని ఇంకొక ఆట ఆడిరి! ఆ సంగతి తెలిసిన స్థానిక విలేకరి కూడ పోలీసులకు తెలియునను భయముచేత పత్రికలో వ్రాయలేదు. 1996 వరకు అది లోకమునకు తెలియలేదు.

1960 ఫిబ్రవరిలో ఆ రాష్ట్రమందలి గ్రీన్స్‌బరో పట్టణములో నల్లజాతి విద్యార్థులు తమకు తావులేని ఫలాహారశాలలో కూర్చుండి శాంతియుతముగా సత్యాగ్రహము చేసిరి. 1966లో చార్లీ స్కాట్ చాపెల్‌హిల్‌లో ఉపకారవేతనముతో చేరిన తొలి నల్లజాతి ఆటగాడయ్యెను. చేర్చుకొనిన శిక్షకుడు డీన్ స్మిత్. షెల్బీ ప్రాంతపు పల్లెపట్టున పెరిగిన డేవిడ్ థామ్సన్ 1974లో రాలీ జట్టును దేశ విజేతగా నిలిపెను. ముప్పది సంవత్సరములకు పూర్వము గడియవేసిన తలుపుల వెనుక ఆడవలసినవారి బిడ్డలకే రాష్ట్రమంతయు చప్పట్లు కొట్టినది. ఆటకు మనస్సులను మార్చు శక్తి కలదు. కాని తలుపు తెరచువాడు మనుష్యుడే కావలెను.

పందెముల పురుగు

రెండవ నీడ పందెములు. 1961లో జూదరులు కొందరు ఆటగాండ్రకు లంచమిచ్చి, ఎన్ని పాయింట్లతో గెలువవలెనో ముందే నిర్ణయించుచున్నట్లు బయటపడెను. రాలీ, చాపెల్‌హిల్ ఆటగాండ్రును అందు చిక్కుకొనిరి. విశ్వవిద్యాలయముల అధ్యక్షుడు విలియం ఫ్రైడే, జనమున కెంతో ప్రీతిపాత్రమైన ఆ క్రిస్మస్ పోటీనే రద్దు చేసెను. తప్పు చేసినవారు కొందరు. పండుగను పోగొట్టుకొన్నవారు రాష్ట్ర ప్రజలందరు. అట్టి రాష్ట్రములోనే 2024 మార్చినుండి ఫోనులో పందెము కాయుట చట్టసమ్మతమైనది. మన తెలుగునాట 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ జూదమును నిషేధించుచు శాసనములు చేసినవి. శాసనము ఉన్నది, కాని క్రికెట్ పందెములలో అప్పులపాలైన యువకుడు లేని ఊరు ఎంత అరుదో సభ్యులకు మేము చెప్పనక్కరలేదు.

మూడవది డబ్బు. ఆటశాలలు నింపిన విద్యార్థులకు చిరకాలము చదువు, వసతి తప్ప వేరు ప్రతిఫలము లేదు. 2021నుండి వారు తమ పేరు వాడుకొనిచ్చి సంపాదించుటకు, 2025 జూలైనుండి విశ్వవిద్యాలయములే వారికి సొమ్ము చెల్లించుటకు వీలు కలిగినది. ఇది న్యాయమే. ఐనను ఏటేట ఆటగాండ్రు ఒక విద్యాలయమునుండి మరియొకదానికి మారుచుండుటచే, "మన కుర్రవాడు" అను మాట పలుచబడుచున్నదని పాత అభిమానులు వగచుచున్నారు.

ఆడపిల్లల ఆట

స్త్రీ సభ్యులకు ఒక మాట. విద్యాలయములలో స్త్రీపురుష భేదము పనికిరాదని అమెరికాలో 1972లో చట్టము చేసిరి. అంతకుముందు ఆడపిల్లల ఆటకు నిధులు మిక్కిలి స్వల్పము. గిబ్సన్‌విల్ అను చిన్న ఊరిలో పుట్టిన కే యో 1975లో రాలీ మహిళా జట్టునకు శిక్షకురాలై, 2009లో తుదిశ్వాస విడుచువరకు ఆ పనిలోనే యుండెను. 1988 సియోల్ ఒలింపిక్సులో అమెరికా మహిళా జట్టు ఆమె శిక్షణలోనే బంగారు పతకము గెలిచినది. నేడు రెనాల్డ్స్ ఆటశాలలో ఆడు తావునకు ఆమె పేరే. తెలుగునాట పంచాయతీ స్థానములలో సగము స్త్రీలవి. ఊరి ఆటస్థలమున సగము ఆడపిల్లలకు ఉన్నదా?

మనము చేయదగినవి

ఆ పొగాకు సీమలోని కేరీ, మోరిస్‌విల్ పట్టణములలో నేడు తెలుగు కుటుంబములు అనేకము స్థిరపడినవి. మన బిడ్డలు అచట ఆడుచున్న ఆటను ఇచటి బిడ్డలు ఆడలేకపోవుటకు కారణము కనబడదు. బాస్కెట్‌బాల్ ఆడుచోటు కొలత 28 మీటర్లు, 15 మీటర్లు. చుట్టును రెండేసి మీటర్లు విడిచినను పదిహేను సెంట్ల స్థలము చాలును. రెండు స్తంభములు, పది అడుగుల ఎత్తున రెండు ఇనుప వలయములు, ఒక బంతి, పదిమంది పిల్లలు - ఇంతే. వాలీబాల్, కబడ్డీలకు ఇంకను తక్కువ చోటు చాలును. ఏ ఆటయైనను మంచిదే.

1992 నాటి రాజ్యాంగ సవరణ పంచాయతీలకు ఉద్దేశించిన 29 విషయములలో సాంస్కృతిక కార్యక్రమములు, సమాజపు ఆస్తుల సంరక్షణ కూడ కలవు. 2022లో తెలంగాణలో గ్రామగ్రామమున క్రీడా ప్రాంగణములు ఏర్పరచు కార్యక్రమము చేపట్టిరి. బోర్డు నాటినంతమాత్రమున ఆటస్థలము కాదు. ముళ్లకంప తీయించి, ఆక్రమణ తొలగించి, సాయంకాలము ఒక దీపము వెలిగించినప్పుడే అది ఆటస్థలము. కావున సభ్యులకు మేము మనవి చేయునవి నాలుగు:

1. గ్రామకంఠములోగాని పాఠశాల ఆవరణలోగాని ఆటకొక చోటు గుర్తించి, పంచాయతీ తీర్మానముతో రికార్డు చేయించుడు.

2. ఆ చోటు ఊరికిని, దళితవాడకును సమానదూరమున ఉండునట్లు చూడుడు. ఒక కులపు గుమ్మము ముందు పెట్టిన ఆటస్థలమునకు గడియ కనబడకపోయినను తలుపు మూసినట్లే.

3. ఆడపిల్లలకు వేళ కేటాయించి, ఒక ఉపాధ్యాయురాలినిగాని సభ్యురాలినిగాని బాధ్యురాలిగా నియమింపుడు.

4. ఏటికొకసారి చుట్టుప్రక్కల నాలుగు గ్రామముల జట్లను పిలిచి పోటీ జరుపుడు. పందెము కాయువానికి ఆ ప్రాంగణమున చోటులేదని దండోరా వేయింపుడు.

పొగాకు వేలములు తగ్గినవి, బ్యారన్లు పెక్కు పాడుపడినవి. కాని ఆ సీమ ప్రజలు శీతకాలపు సాయంకాలమున ఒక చోట కూడుట మానలేదు. 1944లో తలుపులు మూసికొని ఆడిన ఆ యువకులు కోరినదెల్ల ఒక బంతి, ఒక చోటు, ఎదుట నిలుచు ఒక జట్టు మాత్రమే. ఆ మూడింటిని మన ఊరి బిడ్డలందరికి తలుపులు తెరచి ఇచ్చు అధికారము నేడు మీ చేతులలో ఉన్నది. ఈ నెల పంచాయతీ సమావేశపు కార్యక్రమ పట్టికలో ఈ అంశమును చేర్చవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.

జైహింద్.