ఆఫీసులో చలికాలం పండగలు

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మన ఆఫీసుల్లో ఎన్ని పండగలు కలిసి నడుస్తాయో గమనించారా?

ముందు అయ్యప్ప మాల. 41 రోజుల దీక్ష, నల్లబట్టలు, కాళ్లకు చెప్పులుండవు. మాల వేసుకున్న మేనేజరుగారిని అటెండరు కూడా ‘స్వామీ’ అనే పిలుస్తాడు. ఆయనా తిరిగి ‘స్వామీ’ అనే అంటారు. హోదాలు కాస్త పలచబడే రోజులివి!

ఇంతలో డిసెంబరు 25. స్టార్ కడతారు, సీక్రెట్ శాంటా చీట్లు తీస్తారు. కానుక ఖరీదు ఎంతలోపు ఉండాలో ముందే అనుకుంటే కొత్తగా చేరిన కుర్రాడి జేబు నలగదు. కేకులో మామూలుగా గుడ్డు ఉంటుంది. మాలలో ఉన్నవారు, ధనుర్మాసం పాటించేవారు ముట్టరు. గుడ్డు లేని కేకో, నాలుగు రకాల పళ్లో పక్కన పెట్టండి. వద్దన్నవారిని బతిమాలకండి.

ఆస్పత్రులకు, బస్సు డిపోలకు, కరెంటు సబ్‌స్టేషన్లకు మాత్రం మూతపడే వీలు లేదు. అక్కడ పండగంతా డ్యూటీ చార్టులోనే ఉంటుంది. క్రిస్మస్ నాడు మేరీ సిస్టరు షిఫ్టు లక్ష్మి చేస్తుంది, భోగినాడు లక్ష్మిది మేరీ చేస్తుంది. సంక్రాంతి ముగ్గుల పోటీలకన్నా ఈ సర్దుబాటే నాకు ముచ్చటగా ఉంటుంది.

ఈ చలికాలం వరుసలోకి రంజాన్ కూడా వస్తుంది. ఆ మాసం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2030లో జనవరి మొదట్లోనే వస్తుంది. అప్పుడు హైదరాబాదులో పొద్దుగూకేది ఆరింటి ప్రాంతంలో. ఉపవాసం విడిచే ఆ వేళకు మీటింగులు పెట్టకపోతే చాలు.