పార్కులో రిమోట్ హెలికాప్టర్

పిల్లలకు రిమోట్ హెలికాప్టర్ కొనిపెట్టేవారు నాలుగు మాటలు వినండి. (పిల్లల పేరు చెప్పి నాన్నలే ఎగరేస్తారనుకోండి!)

అరచేతిలో పట్టే బొమ్మతో అంత భయం లేదు. పెద్ద రకం వేరు. దాని రెక్కలు నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరుగుతాయి. 2013 సెప్టెంబరులో న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని ఒక పార్కులో 19 ఏళ్ల యువకుడు తన హెలికాప్టరే తగిలి అక్కడికక్కడే చనిపోయాడు. అది వాటికని కేటాయించిన స్థలమే, అతను బాగా అలవాటున్నవాడే.

కనుక ఉయ్యాలల దగ్గర, జనం నడిచే దారిలో ఎగరేయవద్దు. అనుమతి అడిగి, ఖాళీ మైదానం చూసుకోండి. ముందు రిమోట్ ఆన్ చేసి, తర్వాతే హెలికాప్టర్‌కు బ్యాటరీ తగిలించాలి. ఆపేటప్పుడు ముందు బ్యాటరీ తీయాలి. తలల మీదుగా పోనివ్వకూడదు. పసివాడు పరుగెత్తుకొస్తే వెంటనే దూరంగా దించేయాలి. రెక్కలు పూర్తిగా ఆగాకే ముట్టుకోవాలి. ఉబ్బిన బ్యాటరీని ఛార్జింగ్ పెట్టకండి, అంటుకోవచ్చు.

రెక్క కంటికి తగిలితే నలపనివ్వకండి, నొక్కకండి. గుచ్చుకున్న ముక్కను పీకకండి. ఆకు పసరు, తల్లిపాలు అసలే పోయవద్దు. శుభ్రమైన కాగితపు కప్పును కన్ను అదమకుండా బోర్లించి, ప్లాస్టర్ అంటించి, వెంటనే కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. నొప్పి తగ్గిందని తెల్లారేదాకా ఆగకండి.