బుల్డోజర్ ముందు మనిషి, తర్వాతే యంత్రం
(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ పూట మేం ఒక్క మాట గురించే చెప్పదల్చుకున్నాం. అది ఇంగ్లీషు మాట. అయినా బడి మొహం చూడని మన అవ్వకి కూడా తెలుసు. బుల్డోజర్. ఆ మాట వినగానే ఇనప బొచ్చె, కూలిన గోడ కళ్ళముందు కనపడతాయి. కానీ ఈ మాట యంత్రం కోసం పుట్టలేదు. మనిషిని జడిపించే మనిషికి పెట్టిన పేరిది.

ఎక్కడ పుట్టిందో వినండి. అమెరికాలో 1865లో బానిసత్వం రద్దయింది. 1870లో నల్లజాతి మగవాళ్ళకి ఓటు హక్కొచ్చింది. నిన్నటిదాకా తమ పత్తి చేలో కొరడా దెబ్బలు తిన్నవాడు ఇవాళ ఓటు వెయ్యడానికొచ్చి నిలబడితే తెల్ల భూస్వామి కడుపు మండింది. 1876లో అధ్యక్ష ఎన్నికలొచ్చాయి. లూసియానా రాష్ట్రంలో తెల్ల ముఠాలు నల్లవాళ్ళ మీద పడ్డాయి. ఓటుకి పోవద్దు, పోతే మేం చెప్పినోడికే వెయ్యి అన్నాయి. కాదన్నవాళ్ళని కొరడాలతో బాదాయి, చంపాయి కూడా. ఆ పనికి అక్కడ పడిన పేరే బుల్డోజ్. బుల్ అంటే ఆంబోతు, డోస్ అంటే మోతాదు. ఆంబోతుకి పడేటన్ని దెబ్బలన్నమాట. పండితులు ఎక్కువమంది చెప్పే అర్థం ఇదే. డాక్టరు మందు డోసు రాస్తాడు, వీళ్ళు దెబ్బల డోసు రాశారు! ఆ పని చేసేవాడు బుల్డోజర్.

1877లో కేంద్ర సైన్యం అక్కడి కాపలా వదిలేసింది. తర్వాత ఓటు పన్నులూ, చదువు పరీక్షలూ పెట్టి దక్షిణాది రాష్ట్రాలు నల్లవాళ్ళ ఓటు ఊడబెరికాయి. గట్టి చట్టం రావడానికి 1965 దాకా కొట్లాడాల్సొచ్చింది. ఈలోగా ఆ మాట ఎవరు ఎవర్ని దబాయించినా వాడే మాటయింది. 1930 ప్రాంతంలో మట్టి తోసే యంత్రానికి ఆ పేరొచ్చింది. బెదిరించేవాడి పేరు యంత్రం మీదికి పోయింది. వాడు మాత్రం ఎక్కడికీ పోలేదు.

మనకీ వాళ్ళకీ ఏం సంబంధం అంటారా? అమెరికాలో చదువుకున్న బాబాసాహెబ్ అంబేద్కర్, మన బాధకీ నల్లవాళ్ళ బాధకీ పోలిక ఉందని 1946లో అక్కడి నల్లజాతి మేధావి డుబోయిస్‌కి ఉత్తరం రాశారు. ఆస్తి ఎంత, చదువెంత అని అడక్కుండా ఓటిచ్చిన రాజ్యాంగం మనకి 1950లో అమల్లోకొచ్చింది. ఆ ఓటంటేనే పెత్తందారుకి కంటగింపు.

మన బుల్డోజర్లకి ప్రతిసారీ కొరడా అక్కర్లేదు. "రేపట్నించి పనికి రావొద్దు." "అప్పు సాయంత్రానికల్లా కట్టు." "మీ పల్లె ఓట్లు ఎటు పడ్డాయో మాకు తెలవదనుకున్నావా?" చాలు, పల్లె అంతా ముడుచుకుంటుంది. ఒక్కొక్కరి ఓటు ఎవరికీ తెలవదు. కానీ బూత్‌వారీ లెక్క తెలుస్తుంది. వాడు దాన్ని పట్టుకునే జడిపిస్తాడు. 1991 ఆగస్టు 6న చుండూరులో హత్యలు జరక్కముందే మనవాళ్ళని వెలివేశారు. ముందు మాట, తర్వాత వెలి, ఆ తర్వాత గొడ్డలి. అందుకే మాట దగ్గరే పట్టుకోవాలి.

"నోటితో అన్నాడు గానీ కొట్టలేదుగా" అని స్టేషన్‌లో అంటారు. వినొద్దు. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో, ఓటెయ్యొద్దనో ఫలానా వాడికే వెయ్యమనో ఎస్సీ, ఎస్టీలను బెదిరించడమే నేరం. 2015లో సవరించాక అది సెక్షన్ 3(1)(ఎల్). నామినేషన్ వెయ్యొద్దని బెదిరించినా అదే సెక్షన్. వెలివేస్తామని బెదిరించడం కూడా నేరమేనని ఆ సవరణే చేర్చింది. అది 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. దర్యాప్తు చెయ్యాల్సింది డీఎస్పీ, ఎస్సై కాదు.

ఇక ఇళ్ళు కూల్చే యంత్రం సంగతి. కేసులో ముద్దాయి అన్నంత మాత్రాన ఇల్లు కూల్చడానికి వీల్లేదనీ, కూల్చేముందు పదిహేను రోజుల నోటీసివ్వాలనీ సుప్రీంకోర్టు 2024 నవంబర్ 13న చెప్పింది. రోడ్డు, చెరువు లాంటి చోట్ల ఆక్రమణలకి ఇది వర్తించదు. అందుకని పట్టా కాగితం, ఇంటిపన్ను రసీదు పెట్టె అడుగున పారెయ్యకండి, భద్రంగా దాచుకోండి.

ఆఖరిగా ఒక్క సంగతి. ఫిర్యాదులో "బెదిరించారు" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. వాడు ఏమన్నాడో ఆ మాట అన్నట్టే రాయండి, బూతైతే బూతే. ఏ రోజు, ఏ పొద్దు, ఎక్కడ, ఎవరు విన్నారు, అన్నీ రాయండి. ఎఫ్ఐఆర్ కాపీ డబ్బు కట్టకుండానే ఇస్తారు, అడిగి తీసుకోండి. ఒక్కరే పోకండి, పదిమంది కలిసి పోదాం. విన్నవాళ్ళు సాక్ష్యానికి నిలబడాలి, ఆడవాళ్ళు ముందుండాలి.

మనం జడిస్తేనే వాడి మాట బుల్డోజర్. జడవకపోతే అది సాక్ష్యం.

జైభీమ్!