వంట అస్సలు రానివాళ్ళకి: ఒక కుక్కరు, ఒక పోపు, 35 నిమిషాలు

ఈ రోజు ఎపిసోడ్ వంట బాగా వచ్చినవాళ్ళ కోసం కాదండీ. ఇప్పటిదాకా స్టవ్ వెలిగించే అవసరం కూడా పడనివాళ్ళ కోసం. ఉద్యోగం వచ్చి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో రూమ్ తీసుకున్న పిల్లలు, చదువుకి వేరే దేశం వెళ్ళబోతున్నవాళ్ళు, ఇంట్లో వండే మనిషి మంచాన పడితే మొదటిసారి వంటగదిలోకి వచ్చిన మగవాళ్ళు, వయసు మీద పడ్డాక ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్ళు. వీళ్ళెవరికీ విందు భోజనాలు అక్కర్లేదు. ఆకలి వేసిన పూట ఇంకొకరి చేతి కోసం ఎదురుచూడకుండా ఇంత అన్నం వండుకోగలిగితే చాలు. అది చిన్న విషయం కాదు. వంట వస్తే రుచి సంగతి తర్వాత, ముందు ధైర్యం వస్తుంది.

వంటల వీడియోలు వందల్లో ఉన్నాయి. అవి చూసి కొత్తవాళ్ళు భయపడిపోతారు. నిజానికి మీకు వంద వంటలు అక్కర్లేదు, రెండు పనులు వస్తే చాలు. ఒకటి, కుక్కర్‌లో అన్నం, పప్పు ఒకేసారి ఉడికించడం. రెండు, పోపు మాడకుండా వేయడం. ఈ రెండూ చేతికి వస్తే మన ఇళ్ళలో రోజూ చేసే వంటల్లో సగం వచ్చినట్టే. ఎలాగో చూద్దాం.

ఇంకో మాట. వంట చెప్పేవాళ్ళు ‘తగినంత ఉప్పు’, ‘సరిపడా నీళ్ళు’ అంటారు. వచ్చినవాళ్ళకి అది అర్థమవుతుంది. రానివాళ్ళకి ఎంత తగినంతో ఎలా తెలుస్తుంది? అందుకని ఈ రోజు ఆ రెండు మాటలూ వాడను. అన్నిటికీ లెక్క చెబుతాను. కొలతకి ఇంట్లో ఉన్న ఏ గ్లాసైనా ఫర్వాలేదు. కాకపోతే బియ్యం, పప్పు, నీళ్ళు అన్నీ అదే గ్లాసుతో కొలవాలి. గ్లాసు సైజు కన్నా దేనికి ఎన్ని గ్లాసులు అన్నదే ముఖ్యం.

ముందు సామాను. 5 లీటర్ల కుక్కరు ఒకటి, అందులో ఒకదాని మీద ఒకటి పట్టే గిన్నెలు రెండు, ఒక మూకుడు, ఒక గరిటె, ఒక చాకు, ఒక టీస్పూన్. రూమ్‌లో గ్యాస్ లేక ఇండక్షన్ స్టవ్ ఒక్కటే ఉంటే, కుక్కరు కొనేటప్పుడు అడుగున అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే పనికొస్తుంది. మామూలు అల్యూమినియం కుక్కరు ఇండక్షన్ మీద వేడెక్కదు.

సరుకులు: బియ్యం, కందిపప్పు, నూనె, ఉప్పు, పసుపు, కారం, ఆవాలు, జీలకర్ర, మినపప్పు, ఎండుమిర్చి, ఇంగువ. వెల్లుల్లి, కరివేపాకు, నిమ్మకాయలు, పెరుగు ఎప్పటికప్పుడు తెచ్చుకోవచ్చు. మొదటి నెల ఇంతకు మించి కొనకండి. మసాలా పొడుల ప్యాకెట్లు తెచ్చి పెట్టుకుంటే సగం వాడకుండానే వాసన పోతాయి.

ఇప్పుడు కుక్కరు. అర గ్లాసు కందిపప్పు కడిగి 20 నిమిషాలు నానబెట్టండి. ఆ లోపు ఒక గ్లాసు బియ్యం రెండు మూడు సార్లు కడగండి. పప్పు గిన్నెలో ఒకటిన్నర గ్లాసు నీళ్ళు, పావు టీస్పూన్ పసుపు, రెండు చుక్కల నూనె వేయండి. నూనె వేస్తే పప్పు నురగ తక్కువగా పొంగుతుంది. పప్పులో ఉప్పు ఇప్పుడే వద్దు, పులుపు అసలే వద్దు. చింతపండు, టమాటా లాంటి పులుపు ముందే పడితే పప్పు మెత్తబడటానికి చాలాసేపు పడుతుంది. బియ్యం గిన్నెలో 2 గ్లాసుల నీళ్ళు పోయండి. కొత్త బియ్యమైతే పావు గ్లాసు తగ్గించినా తప్పు లేదు, లేకపోతే ముద్ద అవుతుంది. పాత బియ్యం నీళ్ళు ఎక్కువ తాగుతుంది. మొదటి రోజు 2 గ్లాసులతో వండి, అన్నం ఎలా వచ్చిందో చూసి మర్నాడు సరిచేసుకోండి.

కుక్కరు అడుగున రెండు గ్లాసుల నీళ్ళు పోసి, పప్పు గిన్నె కింద, బియ్యం గిన్నె పైన పెట్టండి. మూత పెట్టే ముందు రెండు చూసుకోవాలి. మూతకి ఉండే రబ్బరు చిరిగి ఉండకూడదు. విజిల్ పెట్టే గొట్టాన్ని వెలుతురుకి పట్టి చూస్తే అవతలి వెలుగు కనపడాలి. మెతుకు అడ్డుపడి ఉంటే సూదితో తీసి కడగండి. ఇది రోజూ చేయాల్సిన పని, పది సెకన్లు పట్టదు.

మధ్యస్థం మంట మీద 4 విజిల్స్ రానిచ్చి, మంట బాగా తగ్గించి 5 నిమిషాలు ఉంచి, కట్టేయండి. విజిల్స్ లెక్క అన్ని కుక్కర్లకీ ఒకటి కాదు. మీ కుక్కర్‌లో పప్పు పలుకుగా ఉంటే రేపు ఇంకో విజిల్ రానివ్వండి. కట్టేసిన వెంటనే మూత తీయడానికి ప్రయత్నించకండి. ఆవిరి దానంతటదే పోవాలి, 10 నిమిషాలు పడుతుంది. మూత తేలిగ్గా రాకపోతే లోపల ఇంకా ఆవిరి ఉందని అర్థం. బలం పెట్టి తీస్తే వేడి అన్నం, ఆవిరి ముఖం మీదకి వస్తాయి. ఎంత ఆకలిగా ఉన్నా ఆ పది నిమిషాలు ఆగాల్సిందే.

ఆ పది నిమిషాల్లోనే పోపు. దీన్ని ఒక్కో ఇంట్లో ఒక్కోలా పిలుస్తారు. కొందరు పోపు అంటారు, కొందరు తాలింపు అంటారు, కొందరు తిరగమోత అంటారు. పని ఒకటే: నూనెలో దినుసుల వాసన దింపి, ఆ నూనెని వంటలో కలపడం. ఈ దినుసుల్లో వాసనిచ్చే పదార్థాలు చాలావరకు నీళ్ళలో కన్నా నూనెలో బాగా కరుగుతాయి. అందుకే అవే దినుసులు పప్పులో వేసి ఉడికించినా ఆ రుచి రాదు.

స్టవ్ వెలిగించే ముందే అన్నీ ఒక పళ్ళెంలో వరసగా పెట్టుకోండి. కొత్తవాళ్ళ పోపు ఎక్కడ మాడుతుందంటే, ఆవాలు చిటపటలాడుతుంటే జీలకర్ర డబ్బా కోసం వెతికేటప్పుడు. అర టీస్పూన్ ఆవాలు, అర టీస్పూన్ మినపప్పు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు చిదిమినవి, రెండు ఎండుమిర్చి, అర టీస్పూన్ జీలకర్ర, చిటికెడు ఇంగువ, ఒక రెమ్మ కరివేపాకు. కరివేపాకు కడిగితే గుడ్డతో బాగా తుడవండి. తడి ఉంటే నూనె చిందుతుంది.

మూకుట్లో 2 టీస్పూన్ల నూనె పోసి చిన్న మంట మీద పెట్టండి. నూనె కాగిందో లేదో ఎలా తెలుస్తుంది? ఒక్క ఆవగింజ వేయండి. అది కదలకుండా ఉంటే ఇంకా ఆగాలి. చిటుక్కుమంటే మిగతా ఆవాలు వేయొచ్చు. నూనె పొగ వస్తుంటే మాత్రం స్టవ్ కట్టేసి, చల్లారాక మళ్ళీ మొదలుపెట్టండి. చిటపటలు సగం తగ్గాక మినపప్పు. అది గోధుమ రంగుకి తిరుగుతుండగా వెల్లుల్లి, ఎండుమిర్చి. తర్వాత జీలకర్ర. చివర ఇంగువ, కరివేపాకు. వెంటనే స్టవ్ కట్టేయండి. వేగడానికి ఎక్కువసేపు పట్టేవి ముందు, త్వరగా మాడేవి చివర. ఈ వరస వెనకున్న సంగతి ఇంతే. ఇది గుర్తుంటే ఏ పోపుకైనా వరస మీరే చెప్పగలరు.

కుక్కరు మూత వచ్చాక పప్పుని గరిటెతో మెదపండి. గట్టిగా ఉంటే అర గ్లాసు వేడినీళ్ళు కలపండి. ముప్పావు టీస్పూన్ ఉప్పు, స్పూన్ మీద గోపురం లేకుండా సమంగా కొలిచి వేయండి. అర టీస్పూన్ కారం వేసి, పోపులో పప్పు పోసి రెండు నిమిషాలు ఉడికించి, కట్టేశాక అర చెక్క నిమ్మకాయ పిండండి. రుచి చూడండి. ఉప్పు తక్కువైతే చిటికెడు చిటికెడుగా వేసుకోవచ్చు. ఎక్కువైతే తీయలేం. బంగాళాదుంప ముక్క వేస్తే ఉప్పు లాగేస్తుందని చెబుతారు గానీ, ఆ ముక్క పీల్చిన ఉప్పునీరు తప్ప ఇంకేమీ తగ్గదు. నీళ్ళు కలిపి, ఉప్పు లేని పప్పు ఇంకొంచెం కలపడమే మార్గం.

లెక్క చూడండి. నానబెట్టడం పక్కన పెడితే మొత్తం 35 నిమిషాలు. ఇది ఒక మనిషికి రెండు పూటలు వస్తుంది. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే పోషకం పప్పులో బాగా ఉంటుంది. అందుకే పప్పన్నం, పక్కన పెరుగు ఉంటే అది పూర్తి భోజనమే. ‘ఏదో పప్పన్నంతో సరిపెట్టుకున్నాను’ అని చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

ఇప్పుడు అదే పోపుతో వారం ఎలా గడుస్తుందో చెబుతాను. సోమవారం ఈ పప్పు. మంగళవారం నిమ్మకాయ పులిహోర. పోపులో వెల్లుల్లి మానేసి, ముందుగా పల్లీలు, సెనగపప్పు వేయించండి. పసుపు, ఉప్పు వేసి, చల్లారిన అన్నం కలిపి, స్టవ్ కట్టేశాక నిమ్మరసం పిండండి. నిమ్మరసం మరిగితే చేదొస్తుంది. బుధవారం ఉప్మా. ఒక గ్లాసు బొంబాయి రవ్వ 5 నిమిషాలు వేయించి పక్కన పెట్టండి. పోపులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేగాక 3 గ్లాసుల నీళ్ళు, ఒక టీస్పూన్ ఉప్పు. నీళ్ళు మరిగాక మంట తగ్గించి, ఒక చేత్తో రవ్వ సన్నగా పోస్తూ రెండో చేత్తో కలుపుతూ ఉంటే ఉండ కట్టదు. గురువారం పెరుగన్నం, మీద పోపు.

శుక్రవారం దోసకాయ పప్పు. దోసకాయ కోయగానే ఒక ముక్క, రెండు గింజలు నోట్లో వేసుకుని చూడండి. చేదుగా ఉంటే ఆ కాయ పారేయాల్సిందే. ముక్కలు పోపులో వేసి మూత పెట్టి మగ్గనిచ్చి, తర్వాత ఉడికిన పప్పు కలపండి. టమాటా పప్పుకీ ఇదే పద్ధతి. శనివారం బెండకాయ వేపుడు. కడిగి, తుడిచి, ఆరాకే కోయండి. మూత పెట్టొద్దు, ఉప్పు చివర్లో వేయండి. అప్పుడు జిగురు రాదు. ఆదివారం కోడిగుడ్డు పొరటు. పోపులో ఉల్లిపాయ వేయించి, రెండు గుడ్లు కొట్టి, ఉప్పు, కారం వేసి కలపడమే. ఏడు రోజులు, ఏడు వంటలు, పోపు మాత్రం దాదాపు ఒకటే.

ఇక జాగ్రత్తలు. ఇవి దాటవేయకండి. వండిన అన్నం వేసవిలో రోజంతా బయట వదిలేసి రాత్రికి తినకండి. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి విత్తులు ఉడికించినా చావవు. గోరువెచ్చగా ఉన్న అన్నంలో అవి పెరిగి విషం తయారుచేస్తాయి. మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. వెడల్పు పళ్ళెంలో ఆరబెట్టి, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ లేకపోతే ఆ పూటకి అర గ్లాసే వండుకోండి.

మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్ళు పోయకండి, మంట ఎగిసిపడుతుంది. స్టవ్ కట్టేసి మూత బోర్లించండి, గాలి అందక ఆరిపోతుంది. గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటర్ ఆపి, తలుపులు, కిటికీలు తెరవండి. లైటు, ఫ్యాను స్విచ్‌లు వేయకండి, ఆపకండి కూడా. బయటికి వచ్చి 1906 నంబరుకి ఫోన్ చేయండి. అది గ్యాస్ లీకుల కోసం ఉన్న అత్యవసర నంబరు.

చివరిగా ఒక మాట. మొదటి రోజు అన్నం ముద్దయినా, పప్పు పలుకైనా ఆ గ్లాసు లెక్క ఒక కాగితం మీద రాసి స్టవ్ దగ్గర గోడకి అంటించండి. నీళ్ళు ఎన్ని, విజిల్స్ ఎన్ని, ఎలా వచ్చింది. వారం తిరిగేసరికి మీ బియ్యానికి, మీ కుక్కరుకి, మీ నాలుకకి సరిపోయే లెక్క ఆ కాగితం మీదే ఉంటుంది. ‘తగినంత’ అంటే ఎంతో అప్పుడు మీకే తెలుస్తుంది. ఇంట్లో వంట రాని తమ్ముడో, మరిదో, నాన్నగారో ఉంటే, ఈ ఎపిసోడ్ పంపడంతో ఆగకుండా ఒక పూట వాళ్ళ చేత కుక్కరు పెట్టించండి. మీరు పక్కన కూర్చోండి, చేయి మాత్రం వాళ్ళదే ఉండాలి.

వచ్చే ఎపిసోడ్‌లో చారు, మజ్జిగ పులుసు చూద్దాం. వాటికీ ఇదే పోపు.