స్వచ్ఛంద సాఫ్ట్‌వేర్ శ్రమకు కృతజ్ఞత ఎట్లా?
(సంత్రాగాఛిలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



పట్టాల వెంట నడిచి వదులైన కీలను బిగించే కీమాన్ పేరు ప్రయాణికునికి తెలియదు. అటువంటి శ్రమజీవులే మరికొందరు కలరు. పోస్ట్‌మాన్ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనుకు మూలమైన లినక్స్‌ను 1991లో ఫిన్లండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించినాడు. నేడు దానిపై పనిచేసేవారిలో అధికులు కంపెనీల జీతగాళ్లే. దానితో కలిసి నడిచే అనేక చిన్న పనిముట్లను మాత్రం, డ్యూటీ దిగినాక, ప్రతిఫలం లేకుండా కాపాడేవారున్నారు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ వాలంటీర్లు కంప్యూటరుకు తెలుగు నేర్పినదీ ఈ పద్ధతిలోనే.

వీరికి కృతజ్ఞత ఎట్లా తెలుపవలె? శాలువాలు మనకు అలవాటే. మన సభలలో అవి కొంచెం ఎక్కువే! లినక్స్ వారి పద్ధతి అంతకంటె మేలైనది. ఒక మార్పును స్వీకరించినప్పుడు, రాసినవారి పేరుతోపాటు లోపం తెలిపినవారి పేరు, పరీక్షించినవారి పేరు కూడ దాని పక్కనే నమోదు చేస్తారు. అమెరికా ఆచార్యులు డోనాల్డ్ నూత్ తన గ్రంథాలలో తప్పు చూపినవారికి 2.56 డాలర్ల చెక్కు పంపేవారు. అనేకులు దానిని బ్యాంకులో వేయక పటం కట్టించుకొన్నారు. 2008లో ఆయన అసలు చెక్కులు మాని, ఉత్తుత్తి బ్యాంకు పేర ధ్రువపత్రాలు ఇవ్వసాగినారు.

అయితే పేరు ఒక్కటే చాలదు. ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్లను కుదించే పనిముట్టును ఏళ్ల తరబడి దాదాపు ఒక్క మనిషే ఉచితంగా నడిపినాడు. మానసిక ఆరోగ్యం బాగులేదని, ఇది జీతంలేని పనియని 2022లో చెప్పుకొన్నా, జాప్యమేమని నిలదీసినవారే ఎక్కువ. సహాయకునిగా చేరిన ఒక అపరిచితుడు అందులో దొంగదారి అమర్చినాడు. అర సెకను ఆలస్యాన్ని శంకించిన ఒక ఇంజనీరు పరిశీలన వలన 2024 మార్చిలో అది బయటపడినది. రిలీవరు రాని డ్యూటీ ఎట్లుండునో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఆ మనిషికి కావలసినది నమ్మదగిన రిలీవరు.

కనుక మన శాఖల సభ్యులు లోపం కనబడినప్పుడు, ఏ ఫోనులో, ఏ మెట్టున, ఏమి జరిగినదో స్పష్టంగా రాసి పంపవలె. తెలుగు అనువాదంలో ఒక భాగం మోయవలె. సక్రమంగా పనిచేసినప్పుడు సైతం రెండు వాక్యాల ఉత్తరం రాయవలె. ఉత్తరం విలువ తపాలావారికి తెలియనిదా!

లాభాలు గడించే కంపెనీ ఉచిత శ్రమపై నడుస్తూ ప్రశంసాపత్రంతో సరిపెడితే మాత్రం మేము ఒప్పుకొనము. గ్రామీణ డాక్ సేవకుల పేరులో సేవ ఉన్నది, రెగ్యులర్ ఉద్యోగి హోదా నేటికీ లేదు. పొగడ్త జీతానికి బదులు కాజాలదని వారినడిగితే చెప్పగలరు.

అనువాదానికి పేరు ఇవ్వదలచినవారు సభానంతరం శాఖా కార్యదర్శిని కలువగలరు.