మీ చదువు, మన చదువు

కమ్యూనిటీ రేడియో ఆదివారం కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం

సేవ, చదువు, సంసారం మూడూ ఒకేసారి ఎలా నడుస్తున్నాయో చెప్పమని ఈ రేడియోవారు అడిగారు. నేను డాలస్ ప్రాంతంలో ఒక చిన్న తెలుగు సంఘానికి పాస్టరుని. వయసు 33. ఒక సెమినరీలో మాస్టర్ ఆఫ్ డివినిటీ చదువుతున్నాను. నా భార్య ఆసుపత్రిలో నర్సు. ఇద్దరు పిల్లలు. పాప రెండో తరగతి, బాబుకి మొన్ననే నాలుగేళ్ళు నిండాయి.

ఈ మాటలు క్రైస్తవులకే అనుకోకండి. గుడిలో పూజారిగారి ఇంట్లోనూ, తెలుగు బడి నడిపే మాస్టారి ఇంట్లోనూ, తెలుగు సంఘం కార్యదర్శిగారి ఇంట్లోనూ ఇదే కథ ఉంటుంది. పదిమంది పని నెత్తినేసుకున్న ప్రతి మనిషి వెనకా ఒక ఇల్లు ఉంటుంది కదండీ.

ముందు మా సంఘం గురించి రెండు మాటలు. మాకు సొంత భవనం లేదు. ఒక అమెరికన్ చర్చి వారి ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం రెండింటికి వాళ్ళ హాలు అద్దెకు తీసుకుంటాం. వచ్చేవారిలో సాఫ్ట్‌వేర్ వాళ్ళు, నర్సులు, చదువుకోడానికి వచ్చిన పిల్లలు, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు ఉంటారు. ఆదివారం ప్రసంగం నా పనిలో చిన్న భాగం. ఒకరికి ఉద్యోగం పోతుంది. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఆ తర్వాత మహా అయితే 60 రోజుల గడువు. ఆ రోజులన్నీ ఆ ఇంట్లో నిద్ర ఉండదు. ఇండియాలో మిట్టమధ్యాహ్నం ఎవరైనా పోతే, ఇక్కడ ఆ ఫోను అర్ధరాత్రి దాటాక మోగుతుంది. టికెట్ దొరకని కొడుకు పక్కన తెల్లవార్లూ ఎవరో ఒకరు కూర్చోవాలి. ఇంగ్లీషులో ఎంత ధారాళంగా మాట్లాడేవాడైనా ఏడ్చేటప్పుడు తెలుగులోనే ఏడుస్తాడండి.

ఇది కొత్త సంగతేం కాదు. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి మన తెలుగువాళ్ళు కూలీలుగా వెళ్ళారు. అక్కడి తెలుగు బాప్టిస్టుల కోసం 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్యగారు ఓడెక్కి వెళ్ళారు. ఆయన్ని పంపింది తెల్లదొరల మిషను కాదు, తెలుగు బాప్టిస్టులే పెట్టుకున్న హోం మిషన్ సొసైటీ. కియర్స్‌నీ అనే చోట తేయాకు తోటల్లో పనిచేసేవాళ్ళ మధ్య ఆయన సంఘం కట్టారు. పరాయి నేల మీద సొంత భాషలో ప్రార్థన చేసే మనిషి కావాలన్న కోరిక అప్పటికీ ఇప్పటికీ ఒకటే.

మరి సేవ చేతినిండా ఉండగా సెమినరీ ఎందుకండీ అని అడుగుతారు. వాక్యం వస్తే చాలదా, డిగ్రీ కాగితంతో పనేంటి అంటారు. నాకు రెండు కారణాలున్నాయి. మొదటిది, ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు. "అలా రాసుంది కాబట్టి" అంటే వాళ్ళు ఊరుకోరు. ఎవరు రాశారు, ఏ భాషలో రాశారు, మూలంలో ఆ మాటకి అర్థం ఏమిటి అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నలే అవి. రెండోది, నా పని ఎక్కడిదాకానో తెలుసుకోవడం. సెమినరీలో పాస్టొరల్ కేర్ తరగతి నేర్పేది ముఖ్యంగా అదే. కాలేజీ కుర్రాడు నెలల తరబడి నిద్రపోక, తిండి తినక, బతకాలని లేదంటే, అది విశ్వాసం తక్కువై కాదు. వాడి పక్కన కూర్చుని ప్రార్థన చెయ్యాలి, వాణ్ణి డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళాలి. ఈ దేశంలో 988 అనే నంబరు 2022 జులై నుంచి ఇరవైనాలుగ్గంటలూ పనిచేస్తోంది. మీ ఇళ్ళల్లో పిల్లలకి కూడా ఆ నంబరు చెప్పి ఉంచండి.

ఇక అసలు లెక్కకి వద్దాం. అడ్మిషన్ వచ్చినప్పుడు నా భార్య ఒక నోటుపుస్తకం తీసి వంటింటి బల్ల మీద పెట్టింది. అప్పటికి పాపకి నాలుగేళ్ళు, బాబుకి ఎనిమిది నెలలు. "ప్రార్థన తర్వాత చేద్దాం, ముందు లెక్క రాద్దాం" అంది. నర్సులకి గంటగంటకీ రాసిపెట్టడం అలవాటు కదండీ.

వారానికి 168 గంటలు. రోజుకి ఏడు గంటల నిద్ర తీసేస్తే మిగిలేవి 119. సంఘం పని, అంటే ఆదివారం, ప్రసంగానికి సిద్ధపడటం, మధ్యలో ప్రార్థన కూటం, ఇళ్ళకీ ఆసుపత్రులకీ వెళ్ళడం, ఫోన్లు, అన్నీ కలిపి 33 గంటలు. మిగిలినవి 86. ఇక చదువు. ఎం.డివ్. డిగ్రీకి ఇక్కడ కనీసం 72 క్రెడిట్లు కావాలి. మూడేళ్ళలో ముగించాలంటే సెమిస్టరుకి 12. ఒక క్రెడిట్ అంటే వారానికి క్లాసులో ఒక గంట, ఇంట్లో రెండు గంటలు. అంటే 36 గంటలు చదువుకే పోతాయి. మిగిలినవి 50. వంట, అంట్లు, బట్టలు, స్నానాలు, సరుకులు, స్కూలు దగ్గర దింపడాలు రోజుకి నాలుగు గంటలు లెక్కేస్తే 28. మిగిలినవి 22. ఆమెకి వారానికి మూడు రాత్రులు డ్యూటీ. సాయంత్రం ఏడు నుంచి పొద్దున్న ఏడు దాకా. తిరిగొచ్చి పగలు పడుకుంటే ఆ ఏడేసి గంటలూ పిల్లవాడు నా చేతుల్లోనే. ఎనిమిది నెలల బిడ్డని ఒళ్ళో పెట్టుకుని గ్రీకు చదవడం కుదరదు. మూడేళ్ళు ఇరవై ఒకటి. ఇక మిగిలింది ఒక గంట.

వారం మొత్తానికి ఒక్క గంట. భార్యాభర్తలు మాట్లాడుకోవాలన్నా, పాపకి కథ చెప్పాలన్నా, ఎవరికైనా జ్వరం వచ్చినా, కారు చెడినా అన్నీ ఆ గంటలోనే. ఆమె ఆ ఒకటి అంకె చుట్టూ గీత గీసి అంది: "మూడేళ్ళలో చదివితే మీ చదువవుతుంది. ఆరేళ్ళలో చదివితే మన చదువవుతుంది."

సెమిస్టరుకి 6 క్రెడిట్లు తీసుకుంటే చదువు 18 గంటలకి తగ్గుతుంది. ఆ ఒక్క గంటా పందొమ్మిది అవుతుంది. నాతోపాటు చేరినవాళ్ళు మూడేళ్ళలో పట్టా పుచ్చుకుని వెళ్ళిపోతారు, నేనింకా సగంలోనే ఉంటాను. ఫరవాలేదనుకున్నాం. మాకు స్టూడెంట్ వీసా బాధ లేదు కాబట్టి అలా అనుకోగలిగాం. ఎఫ్-1 మీద వచ్చిన తమ్ముళ్ళకి పూర్తి కోర్సు చదవక తప్పదు, ఆ వెసులుబాటు వాళ్ళకి లేదు. అలాంటివారు మీ సంఘంలో ఉంటే వారానికి రెండు పూటలు అన్నం పెట్టండి. అంతకంటే పెద్ద కానుక లేదు.

గ్రీకు క్లాసులో ఒక చిన్న సంగతి నన్ను పట్టుకుంది. మనకి "మేము" వేరు, "మనము" వేరు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనము, పక్కన పెడితే మేము. గ్రీకులో రెండింటికీ ఒకటే మాట. అందుకని తెలుగులోకి తెచ్చినవాళ్ళు ఆ మాట వచ్చిన ప్రతిచోటా ఆగి, ఇది మేమా, మనమా అని తేల్చుకోవాల్సి వచ్చింది. ఇంగ్లీషు బైబిలు చదివేవాళ్ళకి ఆ ఇబ్బంది కనపడనే కనపడదు. ఇంట్లో వాళ్ళు "మన చర్చి" అంటున్నారా, "మీ చర్చి" అంటున్నారా అని ఆ రోజు నుంచి నేను చెవి పెట్టి వింటున్నాను. పాస్టరు కాపురానికి నాడి అక్కడ దొరుకుతుందండి.

బైబిల్లో నిర్గమకాండం 18వ అధ్యాయం చూడండి. మోషే దగ్గరికి మామ యిత్రో వస్తాడు. సలహా చెప్పిపోదామని ఊరికే రాలేదు. పుట్టింట ఉన్న కూతురు సిప్పోరానీ, మనవలు ఇద్దర్నీ వెంటబెట్టుకుని వస్తాడు. పెద్దవాడి పేరు గెర్షోము. పరాయి దేశంలో పరదేశిగా ఉన్నానన్న అర్థంలో తండ్రి పెట్టుకున్న పేరు. అమెరికాలో పిల్లల్ని కన్న మనకి ఆ పేరు కొత్తగా ఉండదు. మామ వచ్చిన మర్నాడే అల్లుడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జనం తగవులు తీరుస్తూ కూర్చున్నాడు. యిత్రో అది చూసి, నువ్వు చేసే పని మంచిది కాదు, నువ్వూ నలుగుతావు, నీ జనమూ నలుగుతారు, నమ్మకమైనవాళ్ళని చూసి పని పంచు అని చెప్పాడు. ఈ అధ్యాయం మీద పని పంపకం గురించి చాలా ప్రసంగాలు విన్నాను. కానీ ఆ సలహా ఇచ్చినవాడు కూతుర్ని కాపురానికి దిగబెట్టడానికి వచ్చిన తండ్రి అన్న సంగతి ఎక్కువమంది చెప్పరు. కూతురు ఏ ఇంటికి వచ్చిందో, ఆ ఇంటి యజమాని ఎప్పటికి ఇల్లు చేరతాడో ఆయన చూశాడు కదా.

కాబట్టి మేమూ పంచుకున్నాం. కొత్తగా దిగే విద్యార్థులకి ఎయిర్‌పోర్టు పని కుర్రాళ్ళ జట్టు తీసుకుంది. నెలలో ఒక ఆదివారం సంఘ పెద్దల్లో ఒకరు వాక్యం చెబుతారు. రాత్రి తొమ్మిదిన్నర దాటితే ఫోను ఇద్దరు పెద్దలకి వంతులవారీగా వెళుతుంది. చావు కబురైతే, ప్రాణాపాయమైతే వాళ్ళు నన్ను లేపుతారు. సోమవారం నాకు సెలవు. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి పిల్లలు లేచేదాకా చదువు.

ఇది అందరికీ నచ్చలేదు. ఒక పెద్దాయన, నాకు తండ్రిలాంటివారు, "మా ఊళ్ళో అయ్యగారి తలుపు అర్ధరాత్రయినా తీసే ఉండేది బాబూ" అన్నారు. అది నిజమే. నేనూ అలాంటి ఊరి నుంచే వచ్చాను. కానీ ఆ తలుపు వెనక ఎవరుండేవారో గుర్తు చేసుకోండి అన్నాను. అయ్యగారి అమ్మ ఉండేది, తమ్ముడి భార్య ఉండేది, పక్కింటి పిన్ని వచ్చి పిల్లలకి అన్నం తినిపించి నిద్రపుచ్చేది. ఇక్కడ మా తలుపు వెనక రాత్రంతా నిలబడి డ్యూటీ చేసొచ్చిన ఒక మనిషే ఉంది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత కూడా పూర్తిగా ఒప్పుకోలేదు. ఒక కుటుంబమైతే మా సంఘం వదిలి వేరే చోటికి వెళ్ళిపోయింది. ఆ బాధ ఇంకా ఉంది. ఆ ఇంటి పిల్లవాడికి బాప్తిస్మం ఇచ్చింది నేనే. అయినా ఆ పద్ధతి మార్చలేదు.

ఇంకో సంగతి. పాస్టరు భార్య అంటే స్త్రీల కూటం నడపాలి, సండేస్కూలు చూడాలి, పాటకి గొంతు కలపాలి, వచ్చినవాళ్ళకి కాఫీ ఇవ్వాలి అని మనవాళ్ళకి ఒక లెక్క. మొదట్లో ఒకావిడ అదే అడిగితే మా ఆవిడ నవ్వుతూ, "నర్సు ఉద్యోగానికి నన్ను ఇంటర్వ్యూ చేశారు ఆంటీ, పాస్టరమ్మ ఉద్యోగానికి ఎవరూ చెయ్యలేదు" అంది. అందరూ నవ్వారు. కానీ అందులో ఉన్న మాట అర్థమైంది. ఇప్పుడు స్త్రీల కూటం ముగ్గురు అక్కలు నడుపుతున్నారు, మా ఆవిడ వీలైనప్పుడు వెళ్ళి కూర్చుంటుంది. వెళ్ళిన రోజు సంతోషంగా తిరిగొస్తుంది. అలాగే పిల్లల్ని "పాస్టరుగారి అమ్మాయివి అయ్యుండి ఇలా చేస్తావా" అనొద్దని సంఘంలో అందరికీ చెప్పాను. అల్లరి చేస్తే అల్లరి చేసిందనండి. తండ్రి ఉద్యోగాన్ని ఏడేళ్ళ పిల్ల నెత్తిన పెట్టకండి.

సంఘానికి ఇంకో పాస్టరు దొరుకుతాడండి. సెమినరీలో నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ఈ ఇద్దరు పిల్లలకి మాత్రం ఇంకో నాన్న దొరకడు. ఎవరికైనా అప్పగించగలిగిన పని అప్పగించెయ్యాలి. అప్పగించడానికి వీల్లేని పని దగ్గర మనమే ఉండాలి. నేను బతుకుతున్న సూత్రం ఇంతే.

వింటున్నవారికి మూడు మనవులు. మీ పాస్టరుగారో, పూజారిగారో, మాస్టారో ఎవరైనా సరే, వాళ్ళ సెలవు రోజేదో కనుక్కుని ఆ రోజు ఫోను చెయ్యకండి. వాళ్ళ ఇంటావిడని ఆవిడ పేరుతో పిలవండి, ఆవిడ పని గురించి అడగండి. వాళ్ళు చదువుకుంటుంటే పరీక్షలెప్పుడో అడిగి, ఆ వారం పిల్లల్ని రెండు గంటలు మీ ఇంటికి తీసుకెళ్ళండి. మా సంఘంలో ఒక అమ్మమ్మగారు విజిటర్ వీసా మీద వచ్చి, ఉన్న ఆరు నెలలూ ప్రతి గురువారం మా బాబుని ఎత్తుకున్నారు. హీబ్రూ పరీక్ష నేను పాసయ్యింది ఆవిడ పుణ్యమేనని ఇప్పటికీ అంటుంటాను.

72 క్రెడిట్లలో 42 అయ్యాయి. ఇంకా 30 ఉన్నాయి. నేను పట్టా పుచ్చుకునేసరికి పాప నాలుగో తరగతిలో ఉంటుంది. "మనం ఎప్పుడు గ్రాడ్యుయేట్ అవుతాం నాన్నా" అని మొన్న అడిగింది. "మనం" అనే అడిగింది. ఇంకా రెండున్నరేళ్ళమ్మా అన్నాను.